క్లిప్పు కింది వాక్యం

ఆ ఎండాకాలం బీదరు పక్క చిద్రిలోని మా ఇంటి ముందు గదిలో మనుషుల కంటే మంత్రగత్తెలే ఎక్కువ తిరిగారు. నా మాట నమ్మకపోతే రాచమ్మక్కను అడగండి. మా చర్చి సంఘమంతా తిరిగి ఆమె చెప్పింది కూడా అదే.

ఈస్టరు వెళ్ళిన వారంలో నా కూతురు షెకినా స్టూలు వేసుకుని అటక మీది బిస్కెట్ డబ్బా దింపింది. అందులో ఏముంటుందో మా వంటి క్రైస్తవ ఇళ్ళవాళ్ళకు చెప్పనక్కరలేదు. మిగతావాళ్ళకు చెప్తాను. కొత్త సంవత్సరం ఆరాధనలో ఒక పళ్ళెం నిండా చిన్న చిన్న కార్డులు బోర్లించి పెడతారు. ఒక్కొక్కరూ ప్రార్థన చేసుకుని ఒకటి తీసుకోవాలి. పైన ఒక బొమ్మ, కింద ఒక వాక్యం. ఆ వాక్యమే ఆ ఏడాదికి మనకు దేవుడిచ్చిన వాగ్దానం. తీశాక నచ్చలేదని వెనక్కి పెట్టడానికి లేదు. ఏడాది గడిచాక పారేయడానికీ లేదు, వాక్యం ఉన్నదాన్ని చెత్తబుట్టలో ఎలా వేస్తాం? అందుకని మా పెళ్ళైనప్పటి నుంచి ఇంట్లో అందరి కార్డులూ ఆ డబ్బాలోకే చేరుతూ వచ్చాయి. మా అమ్మవీ, అత్తగారివీ కూడా అందులోనే ఉన్నాయి.

ఆ బొమ్మల మీద నాకు ఎప్పటి నుంచో ఒక ఫిర్యాదు ఉంది. అన్నీ పరాయి దేశాలే. మంచుకొండలు, సముద్రపు ఒడ్డున దీపస్తంభాలు, చెక్క వంతెనలు, ఎర్రటి ఆకుల చెట్లు, పొగమంచులో ఒంటరి పడవ. ఇంత పెద్ద కోట పెట్టుకుని కూడా మా బీదరు ఒక్క కార్డు మీద కనిపించదు. దేవుడు వాగ్దానాలన్నీ చలి దేశాల్లోనే చేస్తాడా అని ఒకసారి అన్నందుకు నా భార్య ఎస్తర్ నాకు రెండు పూటలు చాయ్ ఇవ్వలేదు.

షెకినాకు ఆ పరాయి బొమ్మలే కావలసి వచ్చాయి. తను పట్టణంలో ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. ఆదివారం మధ్యాహ్నాలు స్నేహితులను పోగేసి ఒక ఆట ఆడిస్తుంది. రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారట. బోర్డు ఉండదు, పేకముక్కలు ఉండవు. ఒకరు కథ చెప్తారు. మిగతావాళ్ళు ఆ కథలో తలా ఒక మనిషి అవుతారు. ఒకరు దొంగ, ఒకరు కత్తి పట్టిన వీరుడు, ఇట్లా. కథ చెప్పేవాళ్ళు అందరినీ ఏ గుహ ముందుకో తీసుకెళ్ళి నిలబెట్టి, ఇప్పుడు నువ్వేం చేస్తావు అని అడుగుతారు. నువ్వు చెప్పింది జరుగుతుందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది.

కథ చెప్పేది మా షెకినాయే. తమాషా ఏమిటంటే ఆ కథ ఆమెకూ ముందుగా తెలియదు. డబ్బాలోంచి ఒక కార్డు తీసి బల్ల మీద పెట్టి, ఆ బొమ్మను చూస్తూ అక్కడికక్కడే అల్లుతుంది. పొగమంచులో పడవ ఉంటే, దాని తాడు ఎవరో నీళ్ళ అడుగు నుంచి లాగుతున్నారంటుంది. దీపస్తంభం ఉంటే, అందులో వెలిగేది దీపం కాదు, ఒక రాక్షసి కన్ను అంటుంది. కార్డు కింద వాక్యం ఉండే చోట మాత్రం కాగితం ముక్క మడిచి, చిన్న క్లిప్పు పెట్టి మూసేది. ఎందుకని అడిగాను.

“వాక్యం కనబడితె అందరికి ముందే ధైర్యమొస్తది డాడీ. భయపడొద్దని కింద రాసి ఉన్నంక ఎవలు భయపడతరు?”

నాకు ఆ మాట సబబుగానే తోచింది. ఎస్తర్‌కు తోచలేదు. వాక్యం మీద కాగితం పెడతావా అని కూతురి మీద విరుచుకుపడింది. ఆమె కోపంలో న్యాయం లేకపోలేదు. పెళ్ళికి ముందు నుంచి ఎస్తర్ సండేస్కూలు టీచరు. మా సంఘంలో మీసాలు వచ్చిన మగవాళ్ళలో సగం మంది ఆమె ముందు చాప మీద కూర్చుని కంఠత వాక్యాలు అప్పజెప్పినవాళ్ళే. మే నెలలో పిల్లలకు సెలవులివ్వగానే మందిరంలో వేసవి సండేస్కూలు పెడతారు. దాన్ని నడిపేది ఆమె. ఆ కొద్ది రోజుల కోసమే ఆమె మిగతా ఏడాదంతా బతుకుతుందని నేను వేళాకోళం చేసేవాణ్ణి. కానీ అది వేళాకోళం కాదని నాకూ తెలుసు. పాటలు, చేతిపనులు, బొమ్మల కథలు అన్నీ చలికాలం నుంచే తయారు చేసుకునేది.

తల్లీకూతుళ్ళ మధ్య నేను నా ఉద్యోగపు మాట ఒకటి వాడాను. జర సర్దుకోండ్రి అన్నాను. బస్సు కండక్టరుగా పనిచేసిన వాళ్ళకు ఇంతకంటే పెద్ద తత్వం తెలియదు. ఆట ఆడుకోవచ్చు, కానీ ఎస్తర్ ఆ గదిలో అడుగు పెట్టదు అన్న ఒప్పందం మీద ఇల్లు నిలబడింది.

నేను ఆ ఆటలోకి వెళ్ళింది ఒక సీటు ఖాళీ అయినందువల్ల. ఆడేవాళ్ళలో స్టాన్లీ అని మా వెనక వీధిలో మొబైల్ దుకాణం కుర్రవాడు ఒకడు. షెకినాతో పాటు ల్యాబులో పనిచేసే అంబిక ఒకతె. ఆమెది హళ్ళిఖేడ్, చెరకు పండించే ఇల్లు. మూడో అతను సంగమేశ్‌కు కలబురగిలో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. ఇద్దరితో కథ నడవదని షెకినా దిగులుగా కూర్చుంటే చూడలేక, నేను కూర్చుంటాలే అన్నాను.

కథలో ఏమవుతారని అడిగారు. నాకు కత్తి తిప్పడం రాదు. మంత్రాలు రావు, రావద్దు కూడా. బీదరు నుంచి మన్నాఏఖేళ్ళి మీదుగా హైదరాబాదుకు వెళ్ళే బస్సులో ఉద్యోగమంతా గడిపాను.

“ఎవలు యాడ ఎక్కిన్రో, యాడ దిగాల్నో నాకు యాదుంటది. గంతే వస్తది” అన్నాను.

స్టాన్లీ నవ్వాడు. షెకినా నవ్వలేదు. శ్రద్ధగా రాసుకుని, దారి చూపేవాడు అని నాకు పేరు పెట్టింది. ఆ పిల్లలో నాకు నచ్చే గుణం అదే, ఎవరినీ చిన్నబుచ్చదు. అది నా పోలిక అని నేనంటాను, ఎస్తర్ ఒప్పుకోదు.

ఆ రోజు బల్ల మీదికి వచ్చింది చెక్క వంతెన కార్డు. మా అత్తగారు ఆఖరి ఏడాది తీసిన కార్డు అది. ఆ వంతెనను నేను ఎన్నిసార్లు చూశానో చెప్పలేను. దాని నడుమ ఒక పలక లేదన్న సంగతి షెకినా వేలు పెట్టి చూపించేదాకా నా కంట పడలేదు.

“పలక ఊడిపోలే. ఎవరో తీసిన్రు” అంది షెకినా గొంతు తగ్గించి. “ఆ సందుల నుంచి ఒక రాక్షసి మీదికి తల పెట్టింది. దానికి కండ్లు కనబడయి. చెవులే. వంతెన మీద ఎంతమంది ఉన్నరని అడుగుతాంది.”

అంబిక కథలో దొంగ. అడుగుల చప్పుడు వినబడనివ్వని కంబళి కప్పుకుని మా వెనకే పిల్లిలా నడుస్తోంది. అంబిక సంగతి రాక్షసికి తెలియకూడదు. తెలియకపోతేనే ఆమె వెనక నుంచి వెళ్ళి పలక పెట్టగలదు. ఇదంతా ముందే మాట్లాడుకున్నాం. షెకినా నా వైపు తిరిగి రాక్షసి గొంతుతో, ఎంతమంది అని అడిగింది.

నేను ముగ్గురం అన్నాను.

అంబిక నెత్తి కొట్టుకుంది. “మామా, నేను దాక్కున్న కదనె.”

“లెక్క తప్పు చెప్పలేను బిడ్డా. చెకింగోళ్ళు ఎక్కితె ఏమంటరు?”

వాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వుతుంటే నేను నిజంగానే సిగ్గుపడ్డాను. బస్సులో ఎంతమంది ఉన్నారని ఎవరు అడిగినా, నిద్రలో అడిగినా, ఉన్న లెక్కే నా నోట వస్తుంది. అలవాటు అట్లాంటిది. అప్పుడే మా ఇళ్ళ మీదుగా విమానాలు వెళ్ళాయి. చిద్రిలో ఇది మామూలే. పక్కనే వైమానిక దళం వాళ్ళ మైదానం ఉంది, పిల్ల పైలట్లు నేర్చుకుంటుంటారు. చప్పుడు పోయేదాకా అందరం ఉన్న మాట ఉన్నట్టే ఆపుకుని కూర్చుంటాం. ప్రార్థనలో ఉన్నా అంతే. షెకినా మాత్రం ఆపలేదు. వేలు పైకి చూపి, అదిగో దాని తల్లి వస్తోంది, పండుకోండి అంది. స్టాన్లీ బల్ల కిందికి దూరాడు. నేను కూడా తల వంచానంటే నమ్ముతారో లేదో.

విమానాలు వెళ్ళాక ఒకటి గమనించాను. వంటింట్లో జొన్నరొట్టె కొట్టే చప్పుడు ఆగిపోయింది. షెకినా కథ అందుకోగానే మళ్ళీ నెమ్మదిగా మొదలైంది. రాక్షసి నోరు తెరిచినప్పుడు మళ్ళీ ఆగింది. ఆ రాత్రి తిన్న రొట్టెల్లో ఒకటి ఒక పక్క బొగ్గైంది. 

తరువాతి వారం ఇంటి ప్రార్థన వంతు మాకు వచ్చింది. ఆడవాళ్ళంతా ముందు గదిలో చాప మీద కూర్చున్నారు. ఆఖరి పాట అయ్యాక రాచమ్మక్క చేతిలోంచి కళ్ళజోడు జారి దివాను కిందికి వెళ్ళింది. ఆమె చెయ్యి పెట్టి వెతికితే కళ్ళజోడుతో పాటు ఒక పాచికా, ఒక కార్డూ బయటికి వచ్చాయి. అదే చెక్క వంతెన కార్డు. వాక్యం మీద కాగితం, కాగితానికి క్లిప్పు. రాచమ్మక్క పాచికను చీర కొంగుతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఇరవై ముఖాల పాచిక ఆమె జన్మలో చూసి ఉండదు. కార్డు మాత్రం ఎవరికీ చెప్పకుండా పర్సులో వేసుకుని వెళ్ళింది.

ఆదివారానికల్లా మా ఇంటి గురించి నేనెరగని విషయాలు నాకే తెలిశాయి. మేము వాగ్దాన కార్డులతో జాతకాలు చెప్తున్నామట. జూదం ఆడుతున్నామట. కిటికీలు మూసి షెకినా దయ్యాలను పిలుస్తోందట. నాకు నవ్వొచ్చింది. ఎస్తర్‌కు రాలేదు. సంఘ కమిటీ కార్యదర్శి సాల్మన్ ఇంటికి వచ్చి, కుర్చీ అంచున కూర్చుని, చాయ్ వద్దన్నాడు. వచ్చే ఆదివారం ఆరాధన తరువాత కమిటీ కూర్చుంటుందని, అప్పటిదాకా వేసవి సండేస్కూలు టీచర్ల పేర్లు చదవరని చెప్పాడు. చెప్పినంతసేపూ నేల చూపులే చూశాడు.

అతను వెళ్ళాక ఇంట్లో పిడుగు పడింది.

“ఆట బందు చేస్త మమ్మీ” అంది షెకినా. “డబ్బా అటక మీద పెట్టేస్త.”

“ఇప్పుడు పెడితె ఏమొస్తది? పిల్లలు నన్ను కాదని ఇంకొకల ముంగట కూసుంటరు. అది నీకు సమ్మగున్నదా?”

షెకినా ఏడ్చింది. ఎస్తర్ ఏడవలేదు, దానికే నాకు ఎక్కువ భయమేసింది. ఆ వారమంతా వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడలేదు. అన్నం తిన్నదా అడుగు, ల్యాబుకు పోయేటప్పుడు తలుపు వెయ్యమను, ఇట్లా ప్రతి మాటా నా మీదుగానే నడిచింది. మధ్యలో ఎస్తర్ పప్పు ఏరుతూ, బట్టలు మడుస్తూ కమిటీ ముందు చెప్పవలసిన మాటలు తనలో తనే అనుకోవడం వినేవాణ్ణి. నాకు తెలియకుండా జరిగింది, నా బిడ్డ తప్పు చేసింది, క్షమించండి. అంతే మాటలు. ఆ మాటలు చెప్తే తన పిల్లలు తనకు దక్కుతారు. చెప్పకపోతే దక్కరు. చెప్పమని నేను అనలేకపోయాను, వద్దని కూడా అనలేకపోయాను.

కమిటీ మందిరం పక్క గదిలో కూర్చుంది. క్రిస్మస్ నక్షత్రం, డోలకు, చాపలు, సండేస్కూలు సామాను అంతా ఆ గదిలోనే ఉంటుంది. పాస్టరుగారు ఊళ్ళో లేరు. సాల్మన్, ఇంకొందరు పెద్దలు బల్ల చుట్టూ కూర్చున్నారు. బల్ల మీద మా అత్తగారి కార్డు. షెకినా తలుపు దగ్గర గోడకు ఆనుకుని నిలబడింది. సాల్మన్ మర్యాదగానే మాట్లాడాడు. టీచరమ్మ మీద ఎవరికీ అనుమానం లేదన్నాడు. ఇది ఆమెకు తెలియక జరిగిందని, కూతురిది తప్పని ఆమె ఒక్క మాట అంటే విషయం అక్కడితో ముగుస్తుందని, మే నెల పని యథాప్రకారం ఆమే చూసుకోవచ్చని అన్నాడు.

ఎస్తర్ లేచి నిలబడింది.  

“ఆ కార్డు జర ఇట్లియ్యి” అంది.

సాల్మన్ ఇచ్చాడు. ఆమె దాన్ని తిప్పి తిప్పి చూసింది. మడిచిన కాగితం చూసింది, క్లిప్పు చూసింది. తరువాత గది మూలకు చూసింది. అక్కడ కొయ్యకు ఆమె బొమ్మల చుట్ట వేలాడుతోంది. పైన ఒక కర్ర, దానికి కుట్టిన పెద్ద పెద్ద బొమ్మలు, ఒక్కో బొమ్మ కింద వాక్యం. ఆమెకు పాఠం చెప్పడం నేర్పిన పెద్ద టీచరమ్మ ఇచ్చిన చుట్ట అది. ఎస్తర్ కథ చెప్పేటప్పుడు బొమ్మ అడుగుభాగం పైకి మడిచి, వాక్యం కనబడకుండా బట్టల క్లిప్పు పెట్టేది. కథ అయిపోయాకే క్లిప్పు తీసేది. అప్పటికీ ఆ చుట్ట అడుగున ఆకుపచ్చ బట్టల క్లిప్పు పెట్టే ఉంది. ఏళ్ళ తరబడి ఆ క్లిప్పును చూస్తున్నాను, నాకూ ఆ క్షణం దాకా తట్టలేదు.

ఎస్తర్ వెళ్ళి ఆ క్లిప్పు మీద వేలు పెట్టింది.

“సాల్మన్, ఇది యాదుందా? ముందు వరసల కూసోని, ఒక్కసారి తియ్యి టీచరమ్మా అని లొల్లి పెట్టెటోనివి.”

సాల్మన్ ముఖం ఎర్రబడింది. “యాదుంది.”

“నేనెందుకు తియ్యకపోతుంటి?”

అతను పెద్దవాళ్ళ ముందు పాఠం అప్పజెప్పవలసి వచ్చిన పిల్లవాడి గొంతుతో చెప్పాడు. “ముందే వాక్యం జూస్తె కథ ఎవ్వరు వినరని.”

“నా బిడ్డది తప్పని చెప్పనీకె వచ్చిన” అంది ఎస్తర్. “చెప్పలేను. ఇది ఆమె నా దగ్గరనే నేర్చింది.”

ఒక పెద్దాయన పాచికల సంగతి, మంత్రగత్తెల సంగతి ఎత్తాడు. ఆ ఆట తాను ఆడలేదని, వినడమైతే విన్నానని ఎస్తర్ ఒప్పుకుంది. అంతటితో ఆగినా బాగుండేది. వాళ్ళు వంతెన దాటారో లేదో తెలియక వారమంతా పని చేసుకుంటూ అదే ఆలోచించానని కూడా చెప్పింది. ఎవరూ నవ్వలేదు. నేను నవ్వు ఆపుకోవడానికి దగ్గాను. షెకినా మాత్రం రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

కమిటీ తన మాట మార్చుకోలేదు. ఆ ఏడాదికి వేసవి సండేస్కూలు లీయాకు అప్పజెప్పారు. లీయా మంచి పిల్లే, అదీ ఎస్తర్ చేతిలో తయారైనదే. ఎస్తర్ సరేనంది. ఆ బొమ్మల చుట్ట తన సొంతం కాబట్టి తీసుకెళ్తానంది. కొయ్య మీది నుంచి దించుకుని, మా అత్తగారి కార్డు అక్కడే మరిచిపోయి, ఎవరి సాయమూ తీసుకోకుండా గది దాటింది.

నా భార్య తనకు ప్రాణమైనదాన్ని పోగొట్టుకుని వస్తున్న ఆ రోజు నా ఛాతీ ఎందుకు అంత వెడల్పు అయిందో మీకు నేను విడమరిచి చెప్పలేను. చిన్న ఆడమనిషి, కమిటీ బల్లకు అటువైపున నిలబడి, కూతురిని తన వెనక దాచుకోకుండా ఆ ఒక్క మాటతో తన పక్కన నిలబెట్టుకుంది. అంత గర్వం నాకు నా పెళ్ళి రోజున కూడా కలగలేదు. ఈ మాట ఆమెతో అంటే పెళ్ళి రోజున కలగనందుకు పోట్లాడుతుంది, అందుకని ఇక్కడ చెప్తున్నాను.

వచ్చేటప్పుడు ఎస్తర్ నా బండి ఎక్కలేదు. షెకినా స్కూటీ వెనక కూర్చుని, చుట్టను జెండా కర్రలా నిలువుగా పట్టుకుంది. నేను వెనకే వచ్చాను. దారిలో ఎస్తర్ కూతురి భుజం మీదుగా ముందుకు వంగి ఏదో అంటోంది. షెకినా తల ఊపుతోంది. నెత్తి మీద విమానాలు తిరుగుతున్నాయి, నాకు ఒక్క ముక్క వినపడలేదు. ఇక వాళ్ళ మధ్య నేను మోయవలసిన మాటలు లేవని మాత్రం అర్థమైంది.

మే నెల కష్టంగానే గడిచింది. ఎదురింటి పిల్లలు పొద్దున్నే తలలు దువ్వుకుని మందిరానికి వెళ్ళడం మా గుమ్మంలోంచి కనిపించేది. తిరిగి వస్తూ కొత్త పాట పాడుకుంటూ వచ్చేవాళ్ళు. లీయా తెర మీద వీడియోలు చూపిస్తోందని చెప్పారు. ఎస్తర్ బాగుందా అని అడిగి, వాళ్ళ చేతుల్లో తలా ఒక బిస్కెట్ పెట్టి పంపేది. ఒక రోజు ఆవకాయకు మామిడికాయలు కొడుతూ కళ్ళు తుడుచుకుంది. కారం ఘాటు అంది. కారం డబ్బా ఇంకా మూత కూడా తీయలేదు.

ఆట జరగడం లేదు. అయినా ఆ నెల చివరి ఆదివారం అంబిక హళ్ళిఖేడ్ నుంచి గంపెడు మామిడిపళ్ళు పట్టుకుని వచ్చింది. వెనకే స్టాన్లీ వచ్చాడు. పళ్ళు తిందామని వచ్చామన్నారు. చేతులు కడుక్కుని అలవాటు ప్రకారం ముందు గదిలో బల్ల చుట్టూ కూర్చున్నారు, ఏం చెయ్యాలో తెలియక మామిడి టెంకల గురించి మాట్లాడుకున్నారు. బయట మబ్బు పట్టింది. గాలికి ఎర్రమట్టి లేస్తోంది.

అప్పుడు ఎస్తర్ ఆ గదిలోకి వచ్చింది. ఆటవాళ్ళు ఉండగా ఆమె ఆ గడప దాటడం అదే మొదలు. చంకలో చుట్ట ఉంది. గోడకున్న క్యాలెండరు తీసి ఆ మేకుకు చుట్టను తగిలించింది. ఒకటొకటిగా బొమ్మలు వెనక్కి తిప్పి ఒకచోట ఆపింది. అడుగుభాగం పైకి మడిచి ఆకుపచ్చ క్లిప్పు పెట్టింది. కథ చెప్పే కుర్చీలో కూర్చున్న షెకినాతో, లే, ఇయ్యాల నువ్వు కూడ ఆడు అంది.

షెకినా లేచి వచ్చి నా పక్కన కూర్చుంది. 

గుమ్మంలో ఎవరో నిలబడ్డట్టనిపించి చూస్తే సాల్మన్. చేతిలో మా అత్తగారి కార్డు. ఇది ఇచ్చిపోదామని వచ్చిన టీచరమ్మా అన్నాడు. ఎస్తర్ కార్డు అందుకుని కళ్ళకద్దుకుని బల్ల మీద పెట్టింది. అతను వెళ్ళలేదు, లోపలికీ రాలేదు. చుట్ట వైపే చూస్తున్నాడు.

“చెప్పులిడిసి లోపలికి రా, లేకపోతె తలుపు దగ్గరికెయ్యి” అంది ఎస్తర్. “దుమ్మొస్తాంది.”

సాల్మన్ చెప్పులు విడిచాడు. నా రెండో పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

ఎస్తర్ తిప్పి పెట్టిన బొమ్మ నాకు బాగా తెలుసు. బైబిల్లో జనాన్ని దారి నడిపినాయన పేరే నాకు పెట్టారు, ఆయన బొమ్మే అది. సముద్రపు ఒడ్డున కిక్కిరిసిన జనం. ముందు నీళ్ళు, వెనక సైన్యం లేపిన దుమ్ము. అందరికంటే ముందు చేతికర్ర పట్టుకుని ఒక ముసలాయన. ఆ కథ మా ఇళ్ళలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. సముద్రం రెండుగా విడిపోతుంది, జనం పొడి నేల మీద దాటిపోతారు. ఆ గదిలో ఆ సంగతి తెలియనిది అంబిక ఒక్కతే.

“ఆ కట్టె పట్టిన ముసలాయన ఎవరు అత్తమ్మా?” అంది అంబిక.

“ఇంకా తెల్వదు.”

స్టాన్లీ నాకు తెలుసంటూ నోరు తెరిచాడు. ఎస్తర్ చూసిన చూపుకు మళ్ళీ మూశాడు.

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. సండేస్కూల్లో చెప్పినట్టు చెప్పలేదు. తడి ఇసుక చల్లగా ఉందంది. కలిపిన పిండి ముద్ద ఎవరో మూటలో కట్టుకొచ్చారు, దాని వాసన వస్తోందంది. అందరికంటే వెనక ఒక ముసలామె ఉందని, ఆమెకు నడవడానికి రాదని, బొమ్మలో కనబడదు కానీ ఆమె పిలుస్తున్న పిలుపు మీకు వినబడుతోందని అంది. నేను బొమ్మలో ఆ మూలకు చూశాను. నిజంగానే జనం వెనక ఒకచోట ఖాళీ ఉంది. ఇన్నేళ్ళుగా అది ఖాళీ అని కూడా నేను చూడలేదు. అప్పుడే మైదానం నుంచి విమానాలు లేచాయి.  చప్పుడు మా కప్పు మీదికి వచ్చేదాకా ఎస్తర్ ఆగింది.

“అవే రథాలు” అంది మెల్లగా. షెకినా నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

తరువాత ఎస్తర్ నా వైపు తిరిగింది. కళ్ళు మెరుస్తున్నాయి. పెళ్ళైన కొత్తలో ఆమెను మొదటిసారి పిల్లల ముందు చూసినప్పుడు ఆ కళ్ళు అట్లాగే ఉండేవి.

“దారి చూపేటాయనా, నువ్వేం చేస్తవ్?”

“ముందుగల్ల లెక్క చూస్త” అన్నాను. “ఆ ముసలామెను ఇడిసిపెట్టి పోను.”

“నువ్వు లెక్క చూసేలోపల్నె దుమ్ము దగ్గరికొచ్చింది. పాచిక ఎయ్యి.”

షెకినా పాచిక నా అరచేతిలో పెట్టింది. ఆ కథ నాకు మాటలు వచ్చినప్పటి నుంచి తెలుసు. అయినా క్లిప్పు మీద చెయ్యి వేసి నిలబడ్డ నా భార్య ముఖంలోకి చూస్తే, ఆ సముద్రం విడిపోతుందో లేదో నాకు నిజంగా తెలియలేదు. ఒక్కసారి ఆ క్లిప్పు తియ్యరాదా అని అడగబోయాను. పక్కనున్న సాల్మన్ బొమ్మ మీది నుంచి చూపు తిప్పకుండానే, నోరు మూసుకొమ్మన్నట్టు నా మోకాలు తట్టాడు.

నేను పాచిక వేశాను.